రేపటి కొళాయి

గుండ్లమడుగు మునిసిపాలిటీ బాండ్లు అమ్మబోతోందన్న కబురు ఊళ్ళోకి పొక్కగానే, అవి ఇనప బాండ్లీలా అల్యూమినియంవా అని సగం మంది ఆడవాళ్ళు ఆరా తీశారు. ఇద్దరు ముగ్గురైతే ఏకంగా ఆఫీసుకే వచ్చి, తాలింపుకు సరిపడే సైజుంటే తమకొకటి పక్కన పెట్టమన్నారు. వాళ్ళకు నచ్చజెప్పేసరికి ఛైర్‌పర్సన్ హంపమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది.

“బాండ్లీలు కాదు మా, బాండ్లు. కాగితాలు. చెరువు కట్టడానికి మునిసిపాలిటీ మీ కాడ అప్పు తీసుకుంటాది. ఏటా వడ్డీ ఇస్తాది, గడువుకు అసలు ఇచ్చేస్తాది.”

“ఇంటిపన్ను కట్టలేదని మొన్ననే నాకు నోటీసు పంపినారు. ఆ మునిసిపాలిటీకి నేను అప్పియ్యాల్నా?” అంది పక్కింటి ఖాసింబీ, బుగ్గన చెయ్యి పెట్టుకుని.

హంపమ్మకూ నవ్వాగలేదు. పదేళ్ళు పొదుపు సంఘం నడిపిన మనిషి ఆమె. అప్పంటే ఆమెకు భయమూ లేదు, చులకనా లేదు. ఆడవాళ్ళకు రిజర్వయిన సీటు కాబట్టి పేరు ఆమెది, పెత్తనం మొగుడిది అవుతుందని ఊరంతా అనుకుంది. ఆ మొగుడు కుళ్ళాయప్ప కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు. మొదటి వారం సిఫార్సుల కోసం తన దగ్గరికి వచ్చిన వాళ్ళందరినీ కుర్చీలేసి కూర్చోబెట్టి, కాలం ఎందుకు ఒకే దిక్కుగా పారుతుందో, అలా పారక్కర్లేదని తనకెందుకు అనుమానమో విడమరిచి చెప్పాడు. రెండో వారం నుంచి అందరూ బుద్ధిగా హంపమ్మ దగ్గరికే వచ్చారు.

ఊరికి నీళ్ళు లేవు. అసలు కథంతా అక్కడే ఉంది. వానల కాలంలో కాలవ పారే ఆ కొద్ది వారాల్లో నీళ్ళు పట్టి ఏడాదంతా వాడుకోవాలంటే ఎర్రగుట్ట పక్కన పెద్ద మంచినీటి చెరువు కట్టాలి. అంత డబ్బు ఆ మునిసిపాలిటీ పుట్టినప్పటి నుంచీ ఒక్కచోట చూసింది లేదు. రాష్ట్ర ప్రభుత్వం గ్రాంటు ఇవ్వలేనంది. బాండ్లు అమ్ముకుంటే మాత్రం పూచీ ఉంటానంది.

కౌన్సిల్ మీటింగులో ముసలి కౌన్సిలరు తిప్పేస్వామి లేచాడు. “పాపా, ఇరవై ఏండ్ల అప్పంటే నేను పోయినాక గూడా ఉంటాది. మనం తీసుకుని మనవళ్ళ నెత్తిన పెట్టి పోదామంటావా?”

“చెరువు గోడ ఎన్నేండ్లు నిలబడతాది మామా?” అంది హంపమ్మ.

“అరవై అంటాండారు.”

“అరవై ఏండ్లు తాగే నీళ్ళకు ఇయ్యాల బతికుండేవాళ్ళే దుడ్డంతా కట్టాల్నా? మనం కొంత కడదాం. తాగేవాళ్ళు తాగేటప్పుడు కొంత కడతారు, నీటిపన్నులో. విందుకు అప్పు చేస్తే తప్పు మామా. బర్రెను కొనడానికి చేస్తే ఏం తప్పు? దాని పాలే ఆ అప్పు తీరుస్తాయి.”

బర్రె మాట వినగానే తిప్పేస్వామి ముఖం విప్పారింది. చెయ్యెత్తాడు. తీర్మానం నెగ్గింది. తాగేవాళ్ళు తాగేటప్పుడు కడతారన్న మాట ఊళ్ళో అందరి నోళ్ళలోనూ నానింది. అదే మాట ఒకనాడు తన గొంతుకే అడ్డం పడుతుందని హంపమ్మకు ఆ వేళ ఏం తెలుసు!

బాండ్లు బాగానే అమ్ముడుపోయాయి. టీచర్లు కొన్నారు, పెన్షనర్లు కొన్నారు, బెంగళూరు కంపెనీ ఏదో చాలా కొంది. ఖాసింబీ కూడా నోటీసు సంగతి మరిచిపోయి ఒకటి కొంది. డబ్బు బ్యాంకులో పడింది. ఆ ఏడాదే వాన మొహం చాటేసింది. బోర్లు ఒక్కొక్కటే ఎండి నోరు తెరిచాయి. పునాదులు తీసి, కింది వరస దాకా కట్టిన కాంట్రాక్టరు శరభారెడ్డి ఒకరోజు హంపమ్మ ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు.

“దుడ్డుంది అక్కా, కాదన్లేదు. సిమెంటులో దుడ్డు కలిపి గోడ కట్టలేను గదా! కలపడానికి నీళ్ళు కావాల, కట్టినాక తడపడానికి ఇంకా ఎక్కువ కావాల. తాగేదానికే ట్యాంకర్లు తోలిస్తాండావు. నాకు యాడ తెచ్చిస్తావు?”

ఆ మాటే ఆమె అన్నం తింటూ మొగుడితో చెప్పింది. ముద్ద నోటి దాకా తీసుకుపోయిన కుళ్ళాయప్ప చెయ్యి అక్కడే ఆగింది.

“నీళ్ళే అప్పు తీసుకుంటే పోలా?”

“ఎవరి కాడ? చుట్టూరా అన్ని ఊర్లూ ఎండిపోయె.”

“వేరే ఊరెందుకు మే? ఈ ఊరి కాడే. ఇరవై ఏండ్లు అవతలుండే గుండ్లమడుగు కాడ.”

ఇంకెవరైనా అయితే ఆ మనిషికి ఎండదెబ్బ తగిలిందనుకునేవారు. హంపమ్మ అనుకోలేదు. ఆమెకు మజ్జిగ అనుభవం ఉంది. ఆ ముందు నెలంతా ఇంట్లో కుండలో మజ్జిగ ఉన్నట్టుండి తగ్గిపోతుంటే, ఖాసింబీ పిల్లి పనేనని ఆమెతో పెద్ద గొడవే పెట్టుకుంది. తీరా చూస్తే పిల్లి కాదు, మొగుడు. రాగితీగ చుట్టిన ఒక వంకర గొట్టం తయారుచేశాడాయన. దాని ఒక మూతి ఇవాళ్టిలో ఉంటుంది, ఇంకో మూతి రేపట్లో ఉంటుంది. రేపటి కుండలోంచి ఇవాళ గ్లాసెడు మజ్జిగ తాగి, మర్నాడు కుండలో సరిగ్గా గ్లాసెడు తగ్గిందా లేదా అని కొలుచుకుంటున్నాడు. ఆ సంగతి బయటపడ్డాక హంపమ్మ ఆయన్ను పక్కింటికి తీసుకుపోయి ఖాసింబీకి క్షమాపణ చెప్పించింది. పిల్లికి కూడా.

“ఊరికే రావు నీళ్ళు,” అన్నాడు కుళ్ళాయప్ప. “ఇయ్యాల ఎన్ని తీసుకుంటే ఆ పొద్దు అన్ని పోతాయి. బిందెకు బిందె.”

“అంటే మన చిత్ర పెద్దయ్యే కాలానికి.”

“చిత్ర కాలానికే. అప్పటికి చెరువు నిండుగా ఉంటాది కదా. ఆ నీళ్ళతోనే ఆ చెరువు కడతాం. నువ్వే అన్నావు, బర్రె పాలతో బర్రె అప్పని.”

చిత్రావతి వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. ఎనిమిదేళ్ళది. ఆ సమయానికి పెరట్లో కుర్చీలన్నీ వరసగా పెట్టి రైలులా కూత పెడుతోంది.

*

పెద్ద గొట్టం తయారుచేసి ఎర్రగుట్ట దగ్గర, చెరువు లోతు ఎక్కడుండాలో సరిగ్గా అక్కడ పాతారు. కౌన్సిలర్లంతా వచ్చారు. ఊరు కూడా వచ్చింది. కుళ్ళాయప్ప టెంకాయ కొట్టి, బిరడా తిప్పి, గొట్టానికి చెవి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. లేచి నిలబడేసరికి ఆయన ముఖంలో రక్తం లేదు.

“ఏమైంది సారూ?” అన్నాడు తిప్పేస్వామి.

“చప్పుడు లేదు. అవతల నీళ్ళు లేవు.” కుళ్ళాయప్ప ఇంకోసారి చెవి ఆనించి లేచాడు. “నీళ్ళు లేవంటే, అవతల చెరువే లేదు. మనం కట్టలేదన్నమాట.”

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. హంపమ్మ మాత్రం అటూ ఇటూ చూసింది. దూరంగా, రోడ్డు పక్కన శరభారెడ్డి మనుషులు కాంక్రీటు కలిపే మిల్లరును లారీ మీదికి ఎక్కిస్తున్నారు. ఓహో! అప్పటికి ఆమెకు సంగతి బోధపడింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, గుట్ట దిగి, లారీ ముందుకు పోయి నిలబడింది.

“యాడికి పోతాండావు రెడ్డీ?”

“వేరే పని దొరికింది అక్కా. కోలారు పక్క. ఇక్కడ నీళ్ళొచ్చినాక వస్తాలే.”

“నువ్వు పోతాండావు కాబట్టే నీళ్ళు రావడంలేదు. దించు మిల్లరు.”

“అదేం లెక్క అక్కా? నీళ్ళొస్తే కదా నేనుండేది!”

“నువ్వుంటే కదా అవి వచ్చేది! అప్పు తీసుకునేవాడు ఇల్లు కడతాడో పారిపోతాడో తెలీకుంటే ఎవరైనా అప్పిస్తారా? నేను సంఘంలో ఎంతమందికి ఇప్పించలేదు? ముందు నిలబడు. నిలబడినావని తెలిస్తే అదే వస్తాది. నీ మిల్లరు బాడుగ ఈ నెలది నేనిప్పిస్తా.”

శరభారెడ్డి తల గోక్కున్నాడు. అడ్డంగా నిలబడ్డ ఆమెను చూశాడు, ఆమె వెనక చేరుతున్న జనాన్ని చూశాడు. నిట్టూర్చి, దించమని మనుషులకు చెయ్యి ఊపాడు. మిల్లరు చక్రాలు నేలకు తగిలాయో లేదో, గుట్ట దగ్గర గొట్టం గుడగుడలాడింది. పిల్లలు కేక పెట్టారు. చల్లటి, తేటైన నీళ్ళు, అంత చల్లటి నీళ్ళు ఆ ఊళ్ళో ఎవరూ రెండేళ్ళుగా ఎరగరు, కుళ్ళాయప్ప పంచె తడిపేస్తూ బయటికి దూకాయి. ఆయన ఆ బురదలోనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. హంపమ్మ ఇంతమంది ముందర ఏమిటిదని మందలిస్తూనే కొంగుతో ఆయన ముఖం తుడిచింది.

ఆ రోజు నుంచి దానికి రేపటి కొళాయి అని పేరొచ్చింది. ఆ నీళ్ళు తాగకూడదు, గోడకే వాడాలి అని హంపమ్మ కౌన్సిల్లో గట్టిగా తీర్మానం చేయించింది. తాగే నీళ్ళు ఎప్పటిలాగే ట్యాంకర్లలో వచ్చేవి. గోడ లేచింది.

కొళాయికి ఒక చిక్కుంది. పొద్దున్నే గొట్టానికి చెవి ఆనించి, లోపలి హోరు వింటూ బిరడాను వెంట్రుకవాసి తిప్పాలి. ఎక్కువ తిప్పితే నీళ్ళు చెదిరిపోతాయి, తక్కువైతే రావు. కాలేజీ కుర్రాళ్ళు ఎంతమంది ప్రయత్నించినా ఎవరికీ పట్టుబడలేదు. నాన్న పక్కన కూర్చుని చిత్ర ఒక్కతే నేర్చుకుంది. “నాయనా, ఇప్పుడు రైలు సొరంగంలోంచి బయటికొచ్చినట్టుంది, ఆపెయ్,” అనేది. సరిగ్గా అక్కడే ధార నిలబడేది.

*

ఒకరోజు సాయంత్రం ఖాసింబీ చిన్న గిన్నె పట్టుకుని గడప దగ్గర నిలబడింది. “హంపక్కా, పిడికెడు చింతపండు బదులిస్తావా?”

“గడపలో నిలబడి అడుగుతావేమే? వంటింట్లో ఉంది, పోయి తీసుకోరాదా?”

“అడక్కుండా ఎత్తుకపోతే దాన్ని బదులంటారా అక్కా? దానికి వేరే పేరుంది,” అని ఖాసింబీ నవ్వింది.

నవ్వుతూ అన్న మాటే. హంపమ్మకు మాత్రం అది ముల్లులా దిగింది. చింతపండు ఇచ్చి పంపించింది, దీపం పెట్టింది, చిత్రకు జడ వేసింది, వేస్తూనే అడిగింది. “ఏమయ్యా, మనం ఎవర్ని అడిగినాం?”

“దేనికి?” అన్నాడు కుళ్ళాయప్ప.

“నీళ్ళకు. బాండ్లు కొన్నోళ్ళు ఇష్టపడి కొన్నారు. వద్దనుకున్నోళ్ళు కొనలేదు. ఈ నీళ్ళు ఇచ్చేవాళ్ళను ఎవరు అడిగినారు? వాళ్ళ చెరువులో గొట్టం పెట్టి లాగేస్తాండాం. పొద్దున లేచి చూసుకుంటే నీళ్ళు తగ్గింటాయి. నేను పిల్లిని తిట్టినట్టు వాళ్ళు ఎవర్నో తిట్టుకుంటాంటారు.”

“వాళ్ళూ మనవాళ్ళే కదా మే.”

“మనవాళ్ళైతే అడగొద్దా?”

గొట్టంలోంచి నీళ్ళొస్తాయి గానీ మాట పోదు. ఎలా అడగాలో కుళ్ళాయప్పకూ తెలీదు.

అంతలో ఇంకో వింత మొదలైంది. సోమవారం నాడు కొళాయి రాలేదు. మంగళవారం మామూలుగా వచ్చింది. మళ్ళీ సోమవారం రాలేదు. ఆ పై సోమవారమూ అంతే. కుళ్ళాయప్ప తీగలు మార్చాడు, బిరడా మార్చాడు, కరెంటు వాళ్ళతో పోట్లాడాడు. వారాలు మనుషులు పెట్టుకున్నవి, పదార్థానికి సోమవారం ఏమిటి, మంగళవారం ఏమిటని తల బాదుకున్నాడు. ఆయన అన్నం సరిగా తినకపోవడం చూసి హంపమ్మకు జాలేసింది.

“ఇక్కడ సోమవారం సరే. అక్కడ ఏం వారం?” అంది, కంచంలో ఇంకాస్త పప్పు వేస్తూ.

“అక్కడంటే?”

“ఇరవై ఏండ్ల అవతల. అక్కడ గూడా వారాలుంటాయి కదా?”

కుళ్ళాయప్ప లేచి గోడకున్న క్యాలెండరు ముందు నిలబడ్డాడు. లీపు సంవత్సరాలు వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. “శుక్రవారం,” అన్నాడు.

హంపమ్మ గరిట కింద పెట్టేసింది. “శుక్రవారం ఎవరైనా ఇంట్లోంచి బదులిస్తారా అయ్యా! లక్ష్మిని బయటికి పంపినట్టే కదా!”

అవతలి మూతి ఊరికే నీళ్ళలో తెరుచుకుని పడి ఉంటుందనుకున్నాడు కుళ్ళాయప్ప ఇన్నాళ్ళూ. కాదు. అవతల కూడా ఎవరో బిరడా పెట్టారు. పొద్దున్నే వచ్చి తెరుస్తున్నారు, శుక్రవారం మాత్రం మూసేస్తున్నారు. ఇష్టం లేకపోతే రోజూ మూసుకునేవారు. అంటే తాము లాక్కోవడం లేదు. వాళ్ళిస్తున్నారు!

హంపమ్మకు గుండెల మీది బరువు దిగిపోయింది. మర్నాడు ఆఫీసులో అందరికీ చెప్పింది. ఊరంతా ఒకటే సంబరం. అవతల బిరడా తిప్పేది ఎవరో నిష్ఠగల ఇల్లాలని తిప్పేస్వామి తేల్చేశాడు. జుమ్మా రోజు పనులేం పెట్టుకుంటారని ఖాసింబీ అంది. సోమవారం వస్తే ఆడవాళ్ళు ఆ గొట్టానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఓ దండం పెట్టుకుని పోయేవారు.

ఆ సంబరంలోనే ఒకరోజు, బట్టలు మడత పెడుతూ, హంపమ్మ చేతులు ఆగిపోయాయి.

“ఏమయ్యా, అవతల గూడా చెవి పెట్టి వినే తిప్పాల్నా?”

“వినకుంటే ఎట్ల? అవతల ఇంకా కష్టం.”

“నువ్వు తిప్పుతాంటావా?”

“నాకప్పటికి డెబ్బై దాటుతాయి. ఎడమ చెవి ఇప్పుడే సరిగా వినపడదు. ఇంక…” అని పెరటి వైపు చూశాడు.

పెరట్లో చిత్ర కుర్చీల రైలు నడుపుతోంది. దానికి రైలు తోలాలని పిచ్చి. చదువుకుని ఏమవుతావని ఎవరడిగినా ఇంజను డ్రైవరవుతానంటుంది. సిగ్నళ్ళ రంగులు, బోగీల లెక్కలు, ఏ బండి ఎక్కడ నిలుస్తుందో అన్నీ దానికి కంఠతా వచ్చు. అది పెరిగి, సరిగ్గా ఇంజనెక్కాల్సిన వయసులో, ఈ చెరువు గట్టున గొట్టానికి చెవి పెట్టుకుని కూర్చుంటుంది. ఎందుకు? వాళ్ళమ్మ తీసుకున్న నీళ్ళు తీర్చడానికి. తాగేవాళ్ళు తాగేటప్పుడు కడతారని వాళ్ళమ్మే కౌన్సిల్లో అంది కదా!

“కొళాయి పీకెయ్,” అంది హంపమ్మ.

“మే!”

“పీకెయ్. ఊరికి చెరువు కావాలంటే ఇంకో దోవ చూసుకుందాం. నా బిడ్డను తాకట్టు పెట్టమని ఏ తీర్మానంలో రాసుకున్నాం?”

“సగం గోడయింది. ఇప్పుడు ఆపితే అది ఎండి రాలిపోతాది. బాండ్లు కొన్నోళ్ళకు ఏం చెప్తావు? చెరువు ల్యాకుంటే నీటిపన్ను యాడిది, వడ్డీ యాడిది? ట్యాంకరు కోసం బిందెలతో కొట్టుకునేవాళ్ళకు ఏం చెప్తావు?”

“నా బిడ్డకు ఏం చెప్పాల? అది చెప్పు నువ్వు ముందు.”

కుళ్ళాయప్పకూ అదే బిడ్డ. చివరికి ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. ఆదివారం పెద్ద గోడకు కాంక్రీటు పోత ఉంది. అది తడిసి గట్టిపడేదాకా ఆగి, ఆ తర్వాత కొళాయి తీసేద్దామని. ఊరికి ఆ సంగతి ఎలా చెప్పాలో మాత్రం హంపమ్మకు తోచలేదు.

*

ఆదివారం పోత అయింది. మర్నాటికని తొట్టెలో పట్టిపెట్టిన నీళ్ళన్నీ శరభారెడ్డి మనుషులు తొందరలో కాంక్రీటుకే వాడేశారు. సోమవారం పొద్దెక్కేసరికి వడగాలి మొదలైంది. కొత్త గోడ మీద కప్పిన గోనెపట్టాలు కరకరలాడుతున్నాయి. వాటి కింద సన్నటి బీటలు కనపడగానే శరభారెడ్డి పరుగెత్తుకొచ్చాడు.

“అక్కా, మధ్యాన్నం లోపల తడపకుంటే ఈ గోడ పగిలిపోతాది. మళ్ళా కట్టడానికి బ్యాంకులో దుడ్డు చాలదు. సారుకు చెప్పి కొళాయి ఇప్పించు.”

అందరూ కుళ్ళాయప్ప వైపు చూశారు. ఆయన గొట్టానికి చెవి పెట్టి తల అడ్డంగా ఊపాడు. “మూసింది. బలవంతంగా లాగితే రావచ్చు. వస్తే అవతలి బిరడా పగిలిపోతాది.”

“పగలనీ సారూ, తర్వాత వాళ్ళు చూసుకుంటారు!” అన్నాడు శరభారెడ్డి.

“నోర్ముయ్ రెడ్డీ!” తిప్పేస్వామి కర్ర నేలకు కొట్టాడు. “ఇన్ని దినాలు చెయ్యి చాపితే పోసిన తల్లి. ఒక్క పొద్దు తలుపు మూసుకుంటే, ఆ తలుపు పగలగొట్టి ఎత్తుకరావాల్నా? మనకు అంత సిగ్గు లేదా?”

ఆ తల్లి ఎవరో ఆ ముసలాయనకు తెలీదు. హంపమ్మ ఏదో అనబోయేలోపే ఖాసింబీ గుట్ట ఎక్కుతూ కనపడింది. చంకలో బిందె. పొద్దున ట్యాంకరు దగ్గర పట్టుకున్న తాగే నీళ్ళు. ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా తిన్నగా గోడ దగ్గరికి పోయి, గోనెపట్టా మీద బిందె వంచేసింది.

“ఖాసింబీ! సాయంత్రం ఏం తాగుతారే?”

“మీ ఇంటికొస్తాలే గిన్నె పట్టుకుని,” అంది ఖాసింబీ. “మనం తీసుకున్నది గోడకే కదా. గోడే పోతే అవతలి ఆ తల్లికి ఏం మిగులుతాది అక్కా?”

ఆమె వెనక ఇంకో ఆడమనిషి వచ్చింది. ఆ వెనక ఇంకొకరు. కాసేపట్లో ఊరి వీధులన్నీ గుట్ట వైపే తిరిగాయి. బిందెలు, కూజాలు, టీ కొట్టువాడి డ్రమ్ము, ఆఖరికి ముసలి తిప్పేస్వామి చెంబు కూడా. రోజూ ట్యాంకరు దగ్గర జుట్టూ జుట్టూ పట్టుకునే వాళ్ళే, ఒకరి చేతికొకరు నీళ్ళందించుకుంటూ గోడ పొడవునా నిలబడ్డారు. గోనెలు నల్లబడ్డాయి. శరభారెడ్డి గోడ వెంట నడుస్తూ అరచేత్తో తడిమి చూసుకుంటున్నాడు. చల్లబడుతోంది అక్కా, నిలబడుతుంది అని అరిచాడు.

ఒంటిపూట బడి వదలగానే చిత్ర సంచీతో సహా అక్కడికే వచ్చింది. అందరూ పోస్తుండడం చూసి, తన ప్లాస్టిక్ బాటిలు మూత తీసి, అడుగున మిగిలిన నీళ్ళు గోడ మీద పోసింది. ఆ ఒక్క చోట నీళ్ళు సరిగా ఇంకేలా చేత్తో అద్దింది కూడా.

హంపమ్మ ఇక ఓర్చుకోలేకపోయింది. కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

“చిత్రా, ఆ కొళాయిలో నీళ్ళు ఎవరివో తెలుసునా?”

“రేపటివి.”

“నీవి. నువ్వు పెద్దయినాక ఈ చెరువులో ఉండే నీళ్ళు. నిన్ను అడక్కుండానే తీసుకుంటాండాం ఇన్ని దినాలు. తప్పు చేసినాం. ఇప్పుడు అడుగుతాండా. బదులిస్తావా?”

చుట్టూ ఉన్నవాళ్ళు పోయడం ఆపేశారు. ఖాసింబీ చంకలో ఖాళీ బిందె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తిప్పేస్వామి ఒకసారి గొట్టం వైపూ ఒకసారి పిల్ల వైపూ చూశాడు.

“నేనెట్ల ఇయ్యాల?” అంది చిత్ర.

“పెద్దయినాక పొద్దున్నే వచ్చి, చెవి పెట్టి, బిరడా తిప్పాల. ఈ గోడకు మనం ఎన్ని దినాలు తీసుకుంటే నువ్వు అన్ని దినాలు. రెండేండ్లో మూడేండ్లో. కష్టంగా ఉంటాది. ఇష్టం ల్యాకుంటే చెప్పు తల్లీ, ఇయ్యాలే ఆపేస్తాం. నిన్ను ఎవరూ ఏమీ అనరు. అననియ్యను.”

చిత్ర బాటిలు మూత బిగించుకుంటూ ఆలోచించింది. అంతసేపు ఆలోచించడం ఆ పిల్ల జన్మలో ఎవరూ చూడలేదు.

“దినామూనా?”

“దినామూ.”

“ఇస్తా,” అంది చిత్ర. “శుక్రవారం మాత్రం ఇయ్యను.”

“చూసినారా!” తిప్పేస్వామి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. “ఎనిమిదేండ్లకే ఎంత నిష్ఠ! లచ్చిమిని బయటికి పంపనంటాంది నా తల్లి!”

“లచ్చిమి ఏంది తాతా?” చిత్ర ఆయన్ను విడ్డూరంగా చూసింది. “మన ఊర్లో ఎక్స్‌ప్రెస్సు నిలిచేది శుక్రవారం ఒక్కపొద్దే కదా. ఆ పొద్దు నేను రైలు తోలుకుంటా పోవాల. శనివారం పొద్దున వచ్చేస్తాలే, వచ్చి ఇస్తా.”

హంపమ్మకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందొచ్చిందో ఆమెకే తెలీదు. ఊరంతా పసుపు రాసి దండం పెట్టుకున్న ఆ సోమవారాలన్నీ, తన కూతురు ఇంజనెక్కి కూత పెట్టుకుంటూ పోయిన రోజులు. పిల్లను గట్టిగా గుండెకు అదుముకుంది. సిమెంటు తడి ఇద్దరి బట్టలకూ అంటుకుంది.

“పోమ్మా, పో. శుక్రవారం నిన్నెవరూ అడగరు,” అంది. “ఆ పొద్దు నీళ్ళు మేం పోసుకుంటాం.”